కొండవీటి రెడ్డిరాజ్య స్థాపనము – వంశక్రమ విచారము

ఈ వార్షిక మహాసభా సంచికకు మన ప్రాంతమునేలిన రాజవంశమునుగూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదిగా సంఘ కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. గుంటూరు, ప్రకాశము మండలములలో పుట్టి పెరిగినవారికి ఈ మాట విన్నంతనే అద్దంకియు, కొండవీడును స్ఫురించుట సహజము. అయితే రెడ్డిరాజుల ప్రతాపమును, దానశీలమును, కవిపోషణమును ఇట్టి సంచికలలో పలుమారులు వర్ణింపబడినవి. వానినే మరల ఏకరువు పెట్టుట నా యుద్దేశము కాదు. తమ వంశమును గూర్చి ఆ రాజులు తామే ఏమి చెప్పుకొనిరో, దానిని మాత్రము ఇచట విచారింపదలచితిని.

ఇట్టి విచారమునకు కారణము లేకపోలేదు. మనవారిలో పలువురు ఈ నడుమ వంశవృక్షములు వ్రాయించి, అచ్చొత్తించి, శుభకార్యములయందు బంధువులకు పంచిపెట్టుచున్నారు. తాతముత్తాతల పేర్లు పిల్లలకు తెలియవలెనను కోరిక మెచ్చదగినదే. కాని ఆ పత్రములలో కొన్ని సూర్యునితోను, కొన్ని చంద్రునితోను, మఱికొన్ని రాష్ట్రకూట చక్రవర్తులతోను ఆరంభమగుచున్నవి. నడుమ వేయేండ్లకు ఒక్క పేరును లేదు. ఆ వెనుక హఠాత్తుగా కొండవీటి రాజులు ప్రత్యక్షమగుదురు. అచటినుండి ఒక్క గంతులో ఇంటి యజమానుని ముత్తాత. ఈ పత్రములు వ్రాసి యిచ్చువారు కొండవీటి శాసనములను చదివియుండిరేని సూర్యచంద్రుల జోలికి పోయియుండరు. ఏలయన, ఆ రాజులే వారి జోలికి పోలేదు.

మన దేశమున శాసనములు వ్రాయు పండితులకు వంశవర్ణనమునందొక సంప్రదాయము కలదు. ఇష్టదేవతాస్తుతి ముగియగానే మూలపురుషుని చెప్పుదురు, పిదప తాతతండ్రులను, ఆపై దాతను, దానమును. మూలపురుషుడెవరన్నది రాజుగారి యభిరుచినిబట్టియు, పండితుని నేర్పునుబట్టియు నుండును. వేంగీచాళుక్యుల తరువాతి శాసనములు నారాయణుని నాభికమలమునుండి బ్రహ్మను, అతనినుండి అత్రిని, చంద్రుని, పాండవులను దింపి, అయోధ్యలో ఏబదితొమ్మిదిమంది చక్రవర్తులను కూర్చుండబెట్టి, కట్టకడపట దక్షిణాపథమునకు వచ్చును. కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనము మనువు, ఇక్ష్వాకువు మొదలుకొని వంశమును చెప్పును. అదే కాకతీయులను చతుర్థవర్ణజులుగా చెప్పు శాసనములును మఱికొన్ని యున్నవి. విజయనగరము నేలిన సంగమవంశజులు యదుకులమును, తన్మూలమున చంద్రుని ఆశ్రయించిరి. రాజ్యము చేతికి వచ్చినవెనుక పురాణమును చేతికి తెచ్చుకొనుట నాటి రాజులకు వాడుకయే. అందుచేత వారిని తప్పుపట్టవలసిన పనిలేదు.

అద్దంకి, కొండవీటి రాజుల శాసనములు ఈ త్రోవను తొక్కలేదు. విష్ణుదేవుని పాదమునుండి చతుర్థవర్ణము జనించినది. ఆ పాదమునుండియే గంగయు వెలువడినది. కావున ఆ వర్ణము గంగకు తోబుట్టువు – ఇదియే వారి వంశకథ. దాని వెనువెంటనే మనుష్యులు వత్తురు. పంటకులమున ప్రోలుడను వాడు పుట్టెను, అతనికి వేముడను కొడుకు కలిగెను, అని కథ నేలమీదికి దిగును. చక్రవర్తుల పరంపర లేదు. అయోధ్య లేదు. స్థాపకునికి పైన తండ్రిని చెప్పి, మిక్కిలియైన తాతను చెప్పి, అంతటితో ఆగుదురు.

సంస్కృతము చదివినవారికి ఈ కల్పనమునందలి సొగసు తెలియకపోదు. పురుషసూక్తమున పాదములనుండి పుట్టినట్లు చెప్పబడిన వర్ణమును లోకము క్రింద కూర్చుండబెట్టెను. శాసనకవి ఆ పాదమునే పట్టుకొని, లోకమంతయు నెత్తిన చల్లుకొను గంగ ఎచటినుండి వచ్చెనో చూడుడని అడిగినాడు. అందు వాదము లేదు, కోపము లేదు. ఉన్నమాటను కాదనుటయు లేదు. పండితుడు వ్రాసినాడు సరే. వినిన రాజు దానిని శిలమీద చెక్కింపనిచ్చెను. సముద్రతీరమంతయు గెలిచి, శ్రీశైలమునకు మెట్లు కట్టించి, మహాకవులను ఆస్థానమున నిలుపుకొన్న రాజు తలచుకొన్నచో సూర్యవంశము దొరకకపోవునా? ఇది మన నేలకు క్రొత్తయును కాదు. రెడ్లకు పూర్వము చందవోలు రాజధానిగా ఈ తీరమునేలిన వెలనాటి చోడులును తాము చతుర్థాన్వయులమనియే చెప్పుకొనిరి. రాజ్యము చేయుటకు ఆ పేరు అడ్డము కాదని ఈ ప్రాంతపు ప్రభువులు తరతరములుగా ఎఱిగినవారు.

రాష్ట్రకూటులనుగూర్చి ఒక మాట. ప్రాచీన తెలుగు శాసనములలో కానవచ్చు "రట్టగుడి" యను మాటయే క్రమముగా మాఱి "రెడ్డి" యైనదని భాషావేత్తలు చెప్పుదురు. ఆ మాట గ్రామాధికారి పదవిని తెలుపును. ఒక రాజకుటుంబమును తెలుపదు. కరణమను మాట ఉన్నంతమాత్రమున కరణములందఱు ఒక్క తాతకు మనుమలగుదురా? పదసామ్యమును పట్టుకొని వంశము నల్లుట పండితులు చేయదగిన పని కాదు.

ఇక రాజ్యస్థాపనమునకు వత్తము. 1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలూఘ్‌ఖానుని సేనలు ఓరుగల్లును పట్టుకొనెను. ప్రతాపరుద్రుడు బందీయయ్యెను. కాకతీయ సామ్రాజ్యము కూలినపుడు తీరదేశమున మిగిలినవి రాజులేని కోటలును, వృత్తులు పోగొట్టుకొన్న అగ్రహారములును, ఓడలు రాని రేవులును మాత్రమే. ఆ కాలమున గోదావరీతీరమున రేకపల్లి కేంద్రముగా ముసునూరి ప్రోలయనాయకుడు దేశమును కూడగట్టెను. అతని తరువాత కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును తిరిగి తీసికొనెను. అదే సమయమున దక్షిణమున గుండ్లకమ్మ యొడ్డున అద్దంకిలో ప్రోలయ వేముడు రాజ్యము నిలిపెను. ప్రోలయనాయకుడు, ప్రోలయ వేముడు నను పేర్ల సామ్యముచే విద్యార్థులు వీరిరువురిని తఱచుగా ఒక్కనిగా చేయుదురు. వీరు వేఱు. వంశమును వేఱు. కార్యము మాత్రము ఒక్కటియే.

స్థాపనవర్షమును 1325గా మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో వెలువడిన తమ ఆంగ్లగ్రంథమున సుమారుగా నిర్ణయించిరి. లోకము దానినే అంగీకరించినది. ఆ లెక్క ననుసరించి 2025తో ఈ రాజ్యమునకు ఏడునూఱేండ్లు నిండినవి. కాని ఒక సంగతి గమనింపవలెను. ప్రోలయ వేముడు సింహాసనమును ఎవరినుండియు వారసత్వముగా పొందలేదు. ఎవరును అతనికి పట్టము కట్టి పంపలేదు. కాబట్టి ఒక తిథివారనక్షత్రములతో చెప్పదగిన ఆరంభము ఈ రాజ్యమునకు లేదు. చెదరిన నాయకులలో ఒకడు తన చుట్టునున్న నేలను కాపాడుకొనుచు పోగా, ఆ కాపుదల పేరే రాజ్యమైనది.

అద్దంకినే ఏల ఎన్నుకొనెనని అడుగవచ్చును. అద్దంకి నాటికే ప్రాచీనమైన ఊరు. 848 ప్రాంతమున పండరంగడను చాళుక్య సేనాని వేయించిన తెలుగు పద్యశాసనము అచటనే దొరకినది. పడమట నల్లమల కొండలు, తూర్పున ఒక్క దినపు ప్రయాణములో మోటుపల్లి రేవు, నడుమ గుండ్లకమ్మ నీరును, నల్లరేగడి భూములును. కొండ వెనుకకు తగ్గవచ్చును, సముద్రము ముందుకు పోవచ్చును. ఈ నల్లరేగడి నూలునకు నాటికే పేరున్నది. పదుమూడవ శతాబ్దపు చివరి దినములలో ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఇచటి సన్నని వస్త్రములను సాలెపురుగు గూటితో పోల్చెను. అతడు "ముత్ఫిలి" యని వ్రాసినది మన మోటుపల్లియే. మిరపనుగూర్చి అట్లు చెప్పుటకు వీలులేదు. నేడు ఈ మండలములకు లోకప్రసిద్ధి తెచ్చిన ఆ పైరు పోర్చుగీసువారి రాకకు ముందు మన దేశముననే లేదు. ప్రోలయ వేముని వంటశాలలో కారమునకు మిరియమే గతి! పౌరుషమునకు గుంటూరు కారమే కారణమని చమత్కరించువారు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ప్రోలునకు అన్నమాంబయందు అయిదుగురు కొడుకులు – మాచుడు, వేముడు, దొడ్డుడు, అన్నుడు, మల్లుడు. వీరిలో పెద్దవాడు మాచుడు, రాజైనవాడు వేముడు. ఈ యొక్క విషయమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. దీని ఫలము డెబ్బదియేండ్లకు గాని బయటపడదు. అప్పటికి మాత్రము అన్నదమ్ములు కలిసి పనిచేసిరి. కడగొట్టు తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లిని జయించి అన్న యధీనము చేసెను. ఎఱ్ఱాప్రగడను వేముని కొలువునకు చేర్చినవాడును అతడే. ఎఱ్ఱన హరివంశమును వేమునికి అంకితము చేసెను. అంతకుముందు వ్రాసిన రామాయణము మనకు దక్కలేదు. ఒకే తమ్ముడు ఒక చేత రేవును, మఱియొక చేత కవిని తెచ్చి అన్నకిచ్చెనన్నమాట. రెండింటిలో ఏది యెక్కువ లాభము తెచ్చెనో తేల్చుట కష్టము.

వేమునికి "మ్లేచ్ఛాబ్ధి కుంభోద్భవుడు" అను బిరుదు కలదు. సముద్రమును పుడిసిలించిన అగస్త్యునితో పోలిక. బిరుదులను అక్షరాలా లెక్కింపరాదు గాని, 1323 తరువాతి యుద్ధముల జ్ఞాపకము ఇందున్నది. అంతకంటె నాకు ముఖ్యముగా తోచునది అతడు చేసిన పునరుద్ధరణము. పోయిన అగ్రహారములను వెదకి పూర్వపు భోక్తలకు తిరిగి యిచ్చెను. హేమాద్రి గ్రంథమున చెప్పబడిన దానములన్నియు చేసెనని అతని శాసనములు పలుకును. శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించెను. యాత్రికుడు నడచుటకు మెట్లు కట్టుట రాజ్యము నిలిచినదనుటకు గుర్తు. దారి భయము తీరనిచో మెట్లెక్కువారెవరు?

ఇచట పేర్లనుగూర్చి కొంత విరివిగా చెప్పక తప్పదు. ఈ వంశచరిత్రము చదువువారిని మొట్టమొదట తికమక పెట్టునది వేములే. ప్రోలయ వేముడు, అనవేముడు, కాటయ వేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు, అల్లయ వేముడు! ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు చరిత్ర చెప్పిన యనుభవముచే నేనొక కీలకమును చెప్పుదును. ముందున్న మాట చాలచోట్ల తండ్రి పేరు. ప్రోలుని కొడుకు ప్రోలయ వేముడు. కాటయ కొడుకు కాటయ వేముడు. అల్లాడరెడ్డి కొడుకు అల్లయ వేముడు. కోమటిరెడ్డి కొడుకు కోమటి వేముడు. తాతపేరు మనుమనికి పెట్టు మన యాచారమువలన ఇంటింట ఒక వేముడు లేచుచుండగా, తండ్రిపేరు ముందు చేర్చి పిలుచుటకంటె వేఱుపాయము లేదు. నేటికిని మన పల్లెలలో ఒకే పేరుగలవారు నలుగురున్నచో "సుబ్బయ్య కొడుకు వెంకన్న" యని గుర్తుపట్టుట లేదా?

ఈ కీలకము తెలిసినచో ఒక ప్రసిద్ధ గాథ దానంతట అదే విడిపోవును. కొండవీటి దండకవిలె మొదలగువానిలో దొంతి అల్లారెడ్డి కథ యొకటి ఉన్నది. ఒక కోమటికి పరుసవేది దొరకెననియు, అల్లారెడ్డి దానిని అపహరింపగా ఆ కోమటి ప్రాణము విడిచెననియు, ఆ పాపశాంతికై రెడ్డికులమువారు తమ బిడ్డలకు కోమటి యను పేరు చేర్చిరనియు అందలి సారాంశము. కథ రమ్యముగానే యున్నది. ఇనుమును బంగారు చేయు రాయి లేకుండ ఇంత సంపద ఎట్లు వచ్చెనని జనులు ఆశ్చర్యపడిరి కాబోలు. కాని కోమటి యనునది ఈ కుటుంబమున వ్యక్తినామమే. మాచుని కొడుకు పేరు కోమటి, అతని కొడుకు వేముడు కనుక కోమటి వేముడు. ఇక సంపదకు కారణము వెదకవలసినచో పరుసవేదికంటె మోటుపల్లి రేవు దగ్గఱగా నున్నది.

ఆ రేవునుగూర్చి ప్రోలయ వేముని కొడుకు అనవోతారెడ్డి 1358లో వేయించిన శాసనము మన ప్రాంతపు చరిత్రలో మిన్నయైన రాతపనులలో నొకటి. అనవోతుడు 1353లో రాజై, రాజధానిని అద్దంకినుండి కొండవీటికి మార్చెను. నలువంకల శత్రువులు పెరుగుచుండగా మైదానమునందలి ఊరికంటె కొండకోట మేలని తలచియుండును. కొండపైకి పోయినను అతని చూపు సముద్రముమీదనే యున్నది. నూఱేండ్లకు పైబడిన పూర్వము, 1244లో, గణపతిదేవుడు అదే రేవున ఓడబేరగాండ్రకు అభయమిచ్చి శాసనము వేయించెను. అనవోతుడు ఆ మర్యాదను మరల నిలబెట్టెను. రేవునకు వచ్చిన వర్తకులకు కాపురముండుటకు భూమి ఇత్తుము, పోదుమన్నచో ఆపము, సరకును ఇష్టము వచ్చినవారికి అమ్ముకొనవచ్చును, బలవంతముగా తీసికొనము – ఇది దాని భావము. సుంకములలో కొన్నింటిని విడిచిపెట్టెను, కొన్నింటిని తగ్గించెను. విడిచిపెట్టినవానిలో అపుత్రికము ఒకటి. కొడుకులు లేక చనిపోయినవాని సొమ్మును రాజు తీసికొను హక్కునకు ఆ పేరు. పరదేశమున చచ్చిన బేరగానిసొమ్ము రాచనగరికి పోవునన్న భయము తీరినగాని దూరపు వర్తకుడు కుదురుగా నిలువడు. కొడుకులేనివాని సొమ్ము రాజుది కాదని చెప్పిన ఈ కుటుంబముననే, కొడుకు లేకపోవుటచేత రాజ్యము చీలినది. ఆ కథ ఇక ముందు.

అనవోతుడు 1364లో గతించెను. కుమారగిరి యను కొడుకున్నను, తమ్ముడు అనవేముడు సింహాసనమెక్కెను. ఇరువదిరెండేండ్ల ఆ పాలనలో రాజ్యము ఉత్తరమున సింహాచలము వఱకు వ్యాపించెను. శ్రీశైలమున వీరశిరోమండపము కట్టించినది ఇతడే. శాలివాహనశకము 1299, అనగా 1378 ప్రాంతము. ఇతని జయములను విడివిడిగా చెప్పుటకు ఈ వ్యాసమున తావు చాలదు.

అనవేముని తరువాత 1386లో రాజ్యము అన్నకొడుకైన కుమారగిరికి వచ్చెను. విలాసి, విద్వాంసుడు. వసంతోత్సవములు చేసి కర్పూరవసంతరాయడని పేరు పొందెను. వసంతరాజీయమను నాట్యశాస్త్రగ్రంథము రచించెను. లకుమ యను నర్తకి ఇతని సభనలంకరించెను. రాజ్యభారము నిజముగా మోసినవాడు మంత్రి కాటయ వేముడు. ఇతడు కుమారగిరి చెల్లెలు మల్లాంబిక భర్త. యుద్ధములు చేయుచునే కాళిదాసు నాటకములు మూడింటికిని వ్యాఖ్యానము వ్రాసి, దానికి బావమఱది పేరిట కుమారగిరిరాజీయమని పేరు పెట్టెను. శాకుంతలమును పాఠము చెప్పు పండితులకు ఆ వ్యాఖ్య నేటికిని ఉపకరించుచున్నది. సేనాధిపతి యొకడు విరామవేళ శకుంతల మాటలలోని ధ్వనిని వివరించుచు కూర్చుండెనన్న తలపు నాకెప్పుడును ఆనందము కలిగించును.

కుమారగిరికి అనవోతుడను కొడుకొకడుండెను. తాతపేరు పెట్టుకొన్న ఆ రాజకుమారుడు రాజమహేంద్రవరమున ప్రతినిధిగా నుండి, తండ్రి జీవించియుండగనే 1395 ప్రాంతమున మరణించెను. పిమ్మట కుమారగిరి తూర్పురాజ్యమును రాజమహేంద్రవరముతో కూడ కాటయ వేమునికి ఇచ్చివేసెను. చెల్లెలి మగనికి అర్ధరాజ్యమిచ్చుట దాయాదులకు సహింపరాని పని. 1402లో పెదకోమటి వేముడు కొండవీటిని స్వాధీనము చేసికొనెను. కుమారగిరి రాజ్యము కోల్పోయెను.

పెదకోమటి వేముడెవడు? మాచుని మనుమడు. ప్రోలుని అయిదుగురు కొడుకులలో పెద్దవాడైన ఆ మాచుడే. తమ్ముడు వేముని సంతతి డెబ్బదియేడేండ్లు రాజ్యమేలిన పిదప, అన్న మాచుని సంతతి కొండవీటికి వచ్చినది. చరిత్రకారులు దీనిని అపహరణమని వ్రాసిరి. ఆ మాట అబద్ధము కాదు. అయితే అతని శాసనములందలి వంశశ్లోకములను చదువవలెను. 1409 నాటి ఫిరంగిపురము శాసనము అతని దేవి సూరాంబ వేయించినది. అందు వంశము ప్రోలునినుండి మాచునికి, మాచునినుండి కోమటికి, కోమటినుండి వేమునికి దిగును. అద్దంకిలో రాజ్యము నిలిపిన వేముడు ఈ వరుసలో సింహాసనమునకు మూలము కాడు. అబద్ధమొక్కటియు చెప్పకుండ, పేర్ల నెన్నుకొనుటలోనే, పెద్దవాని యింటికి రాజ్యము చేరినదను వాదము నిలిపిరి. వ్రాసినవాడు సామాన్యుడు కాడు. కొండవీటి విద్యాధికారి శ్రీనాథుడు.

వంశవృక్షములు వ్రాయించుకొను మిత్రులు ఈ శాసనమును శ్రద్ధగా చూడవలెనని నా మనవి. వంశావళి యనునది ఉన్నవారి పట్టిక మాత్రమే కాదు. వ్రాయించినవాని యవసరము కూడ. ప్రోలయ వేముని మనుమని కాలమున వ్రాసినచో ఒక కొమ్మ ప్రధానము. పెదకోమటి కాలమున మఱియొక కొమ్మ. అయినను రెండు కొమ్మలవారును మూలమును మాత్రము మార్చలేదు. ఇరువురును విష్ణుపాదమును, చతుర్థవర్ణమును, ప్రోలుని చెప్పియే తమ దారి పట్టిరి. పగవారు సైతము ఏకీభవించిన మూలమును ఏడునూఱేండ్ల తరువాత మనము మార్చుట ఏమి న్యాయము?

ఫిరంగిపురము శాసనము వంశము కొఱకు వేయించినది కాదు. సూరాంబ అచట త్రవ్వించిన చెఱువు కొఱకు. దానికి సంతానసాగరమని పేరు. ధర్మశాస్త్రములలో సంతానములు ఏడు: పుత్రుడు, తటాకము, కావ్యము, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి. చెఱువు త్రవ్వించుటయు కొడుకును కనుటయు ఒక్కటే పుణ్యమని ఆ పేరిటి యర్థము. ఆమె కొడుకు రాచవేముడు ఆ చెఱువునకు నీరు చేర్చుటకై జగనొబ్బగండ కాలువను త్రవ్వించెనని 1415 నాటి అమీనాబాదు శాసనము తెలుపుచున్నది. నల్లరేగడి నేల తేమను పట్టియుంచును గాని, కఱవు వచ్చినపుడు బీటలు వాఱును. ఆ నేలను పండించువారికి తల్లి చెఱువును, కొడుకు కాలువయు ఎంతటివో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ కొడుకే 1420లో రాజై, నాలుగేండ్లలో రాజ్యమును, ప్రాణమును కోల్పోయెను. పురిటిమీద సుంకము వేయగా సవరము ఎల్లయ యను బంటు సహింపక రాజును పొడిచి చంపెనని స్థానిక కథ. పుట్టుకమీద పన్ను వేసినవాడు చెడెనని జనులు తీర్పు చెప్పుకొనిరి. కాలువ త్రవ్వించిన సంగతిని ఆ కథ మఱచినది, శిల మఱవలేదు. 1424తో కొండవీటిలో రెడ్డిరాజ్యము ముగిసెను. దేశము విజయనగరరాజుల వశమైనది.

కొండ దిగువ గోపీనాథస్వామి యాలయమును, కత్తులబావియను పేరును చూపి, శ్రీకృష్ణదేవరాయల కాలమున రెడ్డిరాజులను పిలిపించి అచట మోసముతో వధించిరని చెప్పుదురు. మా ప్రాంతమున ఈ కథ విని కన్నీరు పెట్టుకొను వృద్ధులను చూచితిని. కాని కాలము పొసగదు. రాయలు 1515లో కొండవీటిని పట్టుకొన్నది గజపతులనుండి. చెఱపట్టినది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుని. అప్పటికి రెడ్డిరాజ్యము పోయి తొంబదియొక్క యేండ్లు. మన రాజుల యంతమును ఒక గొప్ప ద్రోహముగా చెప్పుకొనుటవలన దుఃఖము తీయగా నుండును గాని, వారిని చెఱచినది పరాయివాని కుట్రకంటె ముందుగా దాయాదుల పోరు.

రాజమహేంద్రవరమున మాత్రము ఈ వంశము మఱికొంత కాలము నిలిచినది. నిలిచినది ఆడుబిడ్డ వలన. కాటయ వేముని కూతురు అనితల్లి. తండ్రి మరణించిన పిదప ఆమె పక్షమున రాజ్యమును కాపాడినవాడు అల్లాడరెడ్డి. ఆమెను పెండ్లాడినవాడు అల్లాడుని కొడుకు వీరభద్రారెడ్డి. శ్రీనాథుడు కొండవీడు పోయిన వెనుక ఎన్నో కొలువులు చూచి, తుదకు కాశీఖండమును అంకితమిచ్చినది ఈ వీరభద్రునికే. పెదకోమటి శాసనమును వ్రాసిన గంటమే పెదకోమటికి పగవాడైన కాటయ వేముని యల్లుని కీర్తించినది. 1448 ప్రాంతమున గజపతుల విజృంభణముతో ఆ రాజ్యమును అంతరించెను.

అనితల్లి 1423లో వేయించిన తామ్రశాసనము కలువచేఱున దొరకినది. ఓరుగల్లు కూలి అప్పటికి సరిగా నూఱేండ్లు. నాటి యుపద్రవమును, ముసునూరి ప్రోలయనాయకుని, డెబ్బదియైదుగురు నాయకులు కొలువగా దేశమును నిలిపిన కాపయనాయకుని, ఆ పిమ్మట దేశమును పాలించిన వేముని ఆ శాసనము వరుసగా చెప్పును. ముసునూరివారు ఆమె కులమువారు కారు, చుట్టములును కారు. వారిని విడిచినచో తన వంశము మఱింత పెద్దదిగా కనిపించెడిది. ఆమె విడువలేదు. కాపయనాయకుని వెంట నిలిచిన నాయకులు డెబ్బదియైదుగురని నేడు మనము చెప్పుకొనుచున్నామన్న, ఆ సంఖ్య మనకు దక్కినది ఆమె రాగిరేకుమీదనే.